కానాగంతని పట్టుకోవడం నేర్పిస్తున్నాను: విశాఖ నుంచి ఒక రోబో చెయ్యి డైరీ

2025 ఆగస్టు 17, ఆదివారం

త్రీడీ ప్రింటింగ్ ఇవాళ్టితో అయిపోయింది. రెండు చేతులకు కావలసిన ప్లాస్టిక్ ముక్కలన్నీ మంచం మీద పరిచి ఉన్నాయి, పన్నెండు మోటార్లు కూడా వచ్చేశాయి. నేను కడుతున్నది ఎస్‌ఓ-101 అనే రోబో చెయ్యి. ద రోబోట్ స్టూడియో, హగ్గింగ్ ఫేస్ అనే సంస్థలు కలిసి ఈ ఏడాదే దీని డిజైన్ మొత్తం ఉచితంగా బయట పెట్టాయి, ఎవరైనా ప్రింట్ చేసుకుని బిగించుకోవచ్చు. రెండు చేతుల్లో ఒకటి మనం పట్టుకుని కదిపేది, దాన్ని లీడర్ అంటారు. రెండోది అది ఎలా కదిలితే అలా కదిలేది, ఫాలోవర్. మనం లీడర్‌తో పని చేసి చూపిస్తుంటే కెమెరా బొమ్మలు, మోటార్ల కోణాలు రికార్డవుతాయి. ఆ రికార్డింగులతో ఒక న్యూరల్ నెట్‌వర్క్‌కి (ఉదాహరణలు చూసి నేర్చుకునే ప్రోగ్రామ్‌కి) ట్రైనింగ్ ఇస్తే, ఆ తర్వాత లీడర్‌ని ఎవరూ ముట్టుకోకపోయినా ఫాలోవర్ ఆ పని చేసుకుపోవాలి.

నేను ఎంచుకున్న పని: ట్రేలో కలిసిపోయి ఉన్న రెండు రకాల చేపల్ని, కానాగంతల్నీ కవ్వళ్లనీ వేరు చేసి రెండు గిన్నెల్లో వెయ్యడం.

ఎందుకు చేపలు అంటే, నేను ఆటోనగర్‌లో మెయింటెనెన్స్ పని చేస్తాను, వెల్డింగ్ రోబోలు నాకు కొత్త కాదు. అవి ఎంత పెద్దవైనా వాటికి పని ఏమీ తెలియదు, మనం చెప్పిన పాయింట్‌కి వెళ్లి ఆగుతాయి, ముక్కని జిగ్‌లో (కదలకుండా బిగించే చట్రంలో) రెండు మిల్లీమీటర్లు పక్కకి పెట్టామంటే గాలిలోనే వెల్డింగ్ చేస్తాయి. చేపని జిగ్‌లో బిగించలేం. ఒక్కొక్కటీ ఒక్కో తీరుగా పడి ఉంటుంది, వంగుతుంది, జారుతుంది, పక్కదాని కింద దూరి ఉంటుంది. కృత్రిమ మేధ నిజంగా బయటి ప్రపంచంలోకి వస్తోందా లేదా అన్నది నాకు అక్కడ తెలియాలి. రోబో శాస్త్రవేత్త హాన్స్ మొరావెక్ 1988లోనే రాశాడు, తెలివితేటల పరీక్షల్లో, చెకర్స్ అనే గళ్ల బల్ల ఆటలో పెద్దవాళ్లతో సమానంగా రాణించేలా కంప్యూటర్‌ని చెయ్యడం తేలికేననీ, చూడటంలో, కదలడంలో ఏడాది పిల్లకున్న నేర్పు ఇవ్వడమే చాలా కష్టమనీ. అది చదివినప్పటి నుంచీ నాకు ఇదే ధ్యాస.

ప్రింటింగ్‌లో ఒక్క విషయం చెప్పాలి, మన దగ్గర చేసేవాళ్లకి పనికొస్తుంది. ఈ ఊరి గాలికి ఫిలమెంట్ (ప్రింటర్ కరిగించి వాడే ప్లాస్టిక్ తీగ) రెండు రోజుల్లో తేమ పట్టేస్తుంది. మొదటి ముక్కల నిండా వెంట్రుకల్లాంటి దారాలు వచ్చాయి, నాజిల్ చిటపటమంటూ ఉంది. రీలుని గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టి, ప్రింట్ చేసేటప్పుడు మాత్రమే బయటికి తీశాక సర్దుకుంది. ఇంకొకటి, ముక్కల్ని ఎండలో ఆపిన బండి డిక్కీలో ఉంచకండి. పీఎల్ఏ అనే ఈ ప్లాస్టిక్ అరవై డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది.

సెప్టెంబరు 7, ఆదివారం

బిగింపు అయింది కానీ రెండు మోటార్లు పోగొట్టుకున్నాను.

మోటార్లన్నీ ఒకే తీగ మీద గొలుసులా కలుస్తాయి. కొత్తగా వచ్చినప్పుడు అన్నిటి నంబరూ 1 అనే ఉంటుంది కాబట్టి ఒక్కొక్కదాన్నీ విడిగా పెట్టి 1 నుంచి 6 దాకా నంబర్లు ఇవ్వాలి. అంతవరకు బాగానే చేశాను. ఆ తర్వాత మధ్య స్థానం. ఈ మోటారు ఒక చుట్టుని 4096 మెట్లుగా చూస్తుంది, 2048 దగ్గర ఉంచి హార్న్ (మోటారు ఇరుసుకి తగిలించే చిన్న చక్రం) బిగించాలి. నేను భుజం దగ్గర అది చూసుకోకుండా బిగించడంతో చెయ్యి సగం దూరం వెళ్లి, ఇక అక్కడి నుంచి అంకె సున్నాకి దూకేసి, ఒక్కసారిగా వెనక్కి కొట్టింది. మొత్తం విప్పి మళ్లీ బిగించాల్సి వచ్చింది.

మోటార్లు పోయింది మాత్రం అడాప్టర్ వల్ల. నేను ఫాలోవర్‌కి 12 వోల్టుల మోటార్లు, లీడర్‌కి 7.4 వోల్టులవి కొన్నాను. రెండు అడాప్టర్లకీ పిన్ను ఒక్కటే. రాత్రి పదకొండింటికి, బి షిఫ్టు చేసి వచ్చి, 12 వోల్టులది లీడర్‌కి గుచ్చాను. వాసన వచ్చేసరికి పీకేశాను కానీ మణికట్టు దగ్గరవి రెండూ అప్పటికే పోయాయి. ఇప్పుడు రెండు అడాప్టర్లకీ రెండు రంగుల ఇన్సులేషన్ టేపు చుట్టాను, బోర్డుల మీద కూడా అవే రంగులు. మీరు ఇలాంటిది కడుతుంటే మొదటి రోజే ఈ పని చెయ్యండి.

సెప్టెంబరు 21, ఆదివారం

కొత్త మోటార్లు వచ్చాయి. లీడర్‌ని కదిపితే ఫాలోవర్ వెంటనే కదులుతోంది. మా అమ్మ వచ్చి కాసేపు అలా చూస్తూ నిలబడి, లీడర్ పట్టుకుని టేబుల్ మీది వక్కపొడి పొట్లాన్ని ఎత్తించింది. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

చేపల కంటే ముందు రబ్బరు ముక్కలతో మొదలుపెట్టాను. ఎరుపువి ఒక గిన్నెలో, నీలంవి ఇంకో గిన్నెలో. యాభై సార్లు చేసి చూపించాను, ఒక్కోసారికి పదిహేను సెకన్లు పడుతుంది. వాడుతున్న పద్ధతి పేరు యాక్ట్, 2023లో స్టాన్‌ఫర్డ్‌లో టోనీ జావో బృందం ఎలోహా అనే రెండు చేతుల రోబోతో పాటు దీన్ని బయటపెట్టింది. కెమెరా బొమ్మనీ కీళ్ల కోణాల్నీ చూసి, తర్వాత చెయ్యాల్సిన ఒక్క కదలికని కాకుండా వంద కదలికల్ని ఒకేసారి ఊహిస్తుంది. ఒక్కొక్కటే ఊహిస్తే చిన్న తప్పులు పోగుపడిపోతాయి, చెయ్యి వణుకుతుంది. మొత్తంగా ఊహిస్తే కదలిక నున్నగా వస్తుంది. నా ల్యాప్‌టాప్‌కి ఇంత ట్రైనింగ్ చేసే శక్తి లేదు, ఇలాంటి లెక్కలు వేగంగా చేసే జీపీయూ చిప్‌ని గంటల లెక్కన అద్దెకి తీసుకుని రాత్రంతా నడిపాను.

మొదటి ప్రయత్నంలో ముక్క దాకా వెళ్లి ఆగిపోయి వణికింది. రికార్డింగులు తీసి చూస్తే బొమ్మల్లో అడ్డంగా నల్లటి చారలు పాకుతున్నాయి. ట్యూబులైటు! మన కరెంటు 50 హెర్ట్జ్, లైటు సెకనుకు వంద సార్లు మినుకుతుంది, అది మన కంటికి తెలియదు కానీ కెమెరా 60 హెర్ట్జ్ సెట్టింగులో ఉంటే చారలు పడతాయి. సెట్టింగు 50కి మార్చి, యాభై సార్లూ మళ్లీ రికార్డు చేశాను. ఇరవైలో పద్నాలుగు సార్లు సరిగా వేసింది.

మొదటిసారి అది దానంతట అది ఎర్ర ముక్కని ఎత్తి గిన్నెలో వదిలినప్పుడు నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఆ కదలికలో నా చెయ్యి ఉంది. గిన్నె మీదికి వెళ్లాక వదిలే ముందు కొంచెం ఆగడం నా అలవాటు, అది కూడా ఆగింది.

అక్టోబరు 12, ఆదివారం

చేపలు. పోయిన ఆదివారం పొద్దున్న ఐదింటికి ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లి కిలో కానాగంతలు, కిలో కవ్వళ్లు తెచ్చాను. దసరా సెలవుల హడావుడి తగ్గినా అక్కడ వేలం దగ్గర జనం మామూలే.

గుర్తుపట్టడం అసలు సమస్యే కాదు. కానాగంత వీపు మీద నల్లటి గీతలు ఉంటాయి, కవ్వకి ఉండవు, నెట్‌వర్క్ ఆ తేడా మొదటి రోజే పట్టేసింది. చెయ్యి సరైన చేప మీదికే వెళ్తోంది. పట్టుకోవడమే రావడం లేదు. ఇరవైలో మూడు!

ఎక్కడ పోతోందో రెండు రోజులు కూర్చుని చూశాను. పై నుంచి దిగి చేప నడుము దగ్గర నొక్కుతుంది, చేప సబ్బులా జారిపోతుంది, అయినా చెయ్యి ఏమీ జరగనట్టు పైకి లేచి, గిన్నె దాకా వెళ్లి, ఖాళీ వేళ్లు తెరుస్తుంది. వంద కదలికలు ఒకేసారి ఊహిస్తుందన్నాను కదా, సెకనుకు 30 ఫ్రేముల లెక్కన అది మూడు సెకన్ల పైమాట, అంతసేపు మళ్లీ చూడదు. దాన్ని పాతిక కదలికలకి ఒకసారి చూసేలా మార్చాను. కదలిక కాస్త గతుకుగా వస్తోంది కానీ జారితే ఇప్పుడు తెలుస్తోంది, కొన్నిసార్లు వెనక్కి వస్తోంది.

వేళ్లకి సైకిల్ ట్యూబు ముక్కలు అతికించాను. పొడి చేపకి పట్టు దొరికింది, తడి చేపకి రబ్బరు కూడా జారింది. చివరికి గిన్నెలు తోమే ఆకుపచ్చ పీచు కోసి అంటించాను. పట్టు బాగుంది, పొలుసు కొద్దిగా రాలుతోంది. మణికట్టు మోటారుకి నీళ్లు తగలకుండా పాలిథిన్ కవరు చుట్టాను. ఉప్పునీటితో ఈ మోటార్లకి అస్సలు పడదు.

ఒక సాయంత్రం మొత్తం ఇంకో కారణానికి పోయింది. కంప్యూటర్ ఆపి వేశాక రెండు కెమెరాల నంబర్లు తారుమారయ్యాయి, పైనుంచి చూసే కెమెరా బొమ్మ మణికట్టు కెమెరా చోటుకి వెళ్లింది. చెయ్యి గోడకేసి కొట్టుకుంటూ ఉంది. నేనేమో ట్రైనింగ్ చెడిందని మళ్లీ అద్దె కట్టి నడిపాను. ఇప్పుడు ప్రతిసారీ మొదలుపెట్టే ముందు రెండు బొమ్మలూ కళ్లతో చూసుకుంటున్నాను.

అన్నీ సరిచేశాక ఇరవైలో ఏడు.

అక్టోబరు 14, మంగళవారం

ఇవాళ వర్క్‌షాపులో అందరూ ఒకటే మాట, గూగుల్ విశాఖలో పెట్టబోయే ఏఐ డేటా సెంటర్ గురించి. ఐదేళ్లలో 15 బిలియన్ డాలర్లు. నాకూ ఆనందంగానే ఉంది. ఇంటికొచ్చి నా డేటా ఫోల్డర్ తెరిచి చూసుకున్నాను, చేపలతో చేసినవి డెబ్బై రికార్డింగులు.

డేటా సెంటర్‌లో నడిచే, మాటలతో జవాబులిచ్చే భాషా మోడళ్లకి ఇంటర్నెట్ నిండా మనుషులు రాసిపెట్టిన అక్షరాలు దొరికాయి. చేత్తో చేసే పని ఎవరూ రాసిపెట్టలేదు. గూగుల్ వాళ్లే 2022లో ఆర్‌టీ-1 అనే మోడల్ కోసం పదమూడు రోబోలతో పదిహేడు నెలలు కష్టపడి లక్షా ముప్పై వేల రికార్డింగులు పోగుచేశారు. మర్నాటి ఏడాది వచ్చిన ఆర్‌టీ-2లో, ఇంటర్నెట్ బొమ్మలతో, రాతలతో నేర్చుకున్న మోడల్‌నే చేతి కదలికలు చెప్పేలా మార్చారు. అదే ఏడాది అక్టోబరులో ఇరవై ఒక్క సంస్థలు తమ దగ్గరున్న ఇరవై రెండు రకాల రోబోల రికార్డింగులన్నీ కలిపితే పది లక్షలు దాటాయి. అందులో కప్పులు ఉన్నాయి, సొరుగులు ఉన్నాయి, గుడ్డలు ఉన్నాయి. తడి కవ్వళ్ల ట్రే ఉంటుందని నేననుకోను. దాన్ని మనమే ఇక్కడ రికార్డు చెయ్యాలి.

అక్టోబరు 22, బుధవారం

కార్తీకం మొదలైంది. అమ్మ నెల రోజులు ఇంట్లోకి నీసు రానివ్వదు, నేను అడగను కూడా అడగలేదు. నా ఫ్రెండ్ వాళ్ల ఇల్లు హార్బర్‌కి దగ్గర్లోనే, వాడికి ఫోన్ చేస్తే "తెచ్చీరా, వరండాలో పెట్టుకో" అన్నాడు. టేబుల్‌తో సహా ఆటోలో వేసుకుని వెళ్లాను.

అక్టోబరు 29, బుధవారం

ఏ పనీ లేదు. మొంథా తుపాను నిన్న రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటింది, మాకు ఇక్కడ రెండు రోజులుగా వాన. బోట్లన్నీ కట్టేసి ఉన్నాయి, చేప లేదు. వరండాలోకి జల్లు కొట్టింది, చెయ్యిని మంచం మీద దుప్పటి కప్పి ఉంచాం.

నవంబరు 9, ఆదివారం

ఈ రోజు గురించి వివరంగా రాస్తాను.

నా ఫ్రెండ్ వాళ్లమ్మని నేను పిన్ని అని పిలుస్తాను. హార్బర్‌లో చేప ఏరే పని చేస్తుంది, పాతికేళ్ల పైనే అయింది. బోటు నుంచి దించిన గుట్టలోంచి రకాల వారీగా, సైజు వారీగా ఏరి బుట్టల్లోకి వెయ్యడం. ఇన్ని రోజులూ మా చెయ్యిని వరండాలో చూస్తూనే ఉంది కానీ ఏమీ అనలేదు. ఇవాళ నేను రికార్డింగు చేస్తుంటే వెనక నిలబడి చూసి, "ఏట్రా, నడుం మీద నొక్కుతున్నావు? అలగైతే జారిపోదా?" అంది.

"మరెలా పట్టుకోవాలి పిన్నీ?"

"ఇలగ తే," అని కూర్చుంది.

లీడర్ చేతికి అలవాటు పడటానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. ఆ తర్వాత తను చేసింది చూసి నేను రికార్డింగు బటన్ నొక్కడం మర్చిపోయాను. చేప మీదికి పై నుంచి దిగలేదు. ఒక వేలితో చేపని పక్కకి తోసి, ట్రే గోడకి ఆనించింది. గోడకి ఆనేసరికి చేప ఇక జారడానికి చోటు లేదు. అప్పుడు తల వెనక, మొప్పల దగ్గర గట్టిగా ఉన్నచోట పట్టుకుని ఎత్తింది. ఒకదాని మీద ఒకటి పడి ఉన్నవాటిని ఎత్తడానికి అసలు ప్రయత్నించలేదు, ముందు వేలితో గీరి విడదీసింది, తర్వాతే పట్టుకుంది.

ఇది నాకు ఎప్పుడూ తట్టలేదు. నేను నెల రోజులుగా ట్రేని చేపలు పెట్టే డబ్బాగానే చూశాను, గోడకి గ్రిప్పర్ (రోబో చెయ్యి కొసన పట్టుకునే వేళ్లు) తగిలితే తప్పు కింద లెక్కవేసి ఆ రికార్డింగు తీసేశాను కూడా. పిన్నికి ఆ గోడ రెండో చెయ్యి.

తను ఈ మాటలేవీ చెప్పలేదు. అడిగితే కూడా, "ఏమోరా, అలగే ఏరుతాం," అంది. చెప్పలేని దాన్ని చేసి చూపించగలదు, ఈ యంత్రానికి కావలసింది అదే. నాకు ఈ పద్ధతి మీద నిజమైన గౌరవం ఇవాళ కలిగింది.

సాయంత్రం దాకా అరవై రికార్డింగులు చేసింది. మధ్యలో టీ తాగి, "మెడ లాగుతోంది" అని లేచి వెళ్లి, మళ్లీ తనే వచ్చి కూర్చుంది. రోజు కూలీ ఇస్తానంటే మొదట తిట్టింది. ఇచ్చాను. నేర్పింది తను, నేను బటన్ నొక్కాను. ఇలాంటి డేటా పోగుచేసేవాళ్లందరూ పని తెలిసినవాళ్లకి డబ్బు ఇచ్చి, వాళ్లని పక్కన కూర్చోబెట్టుకునే చెయ్యాలని నేను గట్టిగా అనుకుంటున్నాను. రేపు ఏ చెయ్యి ఏరినా అందులో ఎవరిదో పాతికేళ్ల పని ఉంటుంది.

నవంబరు 16, ఆదివారం

నా పాత రికార్డింగులన్నీ పక్కన పెట్టి, పిన్నివి మాత్రమే వేసి ట్రైనింగ్ ఇచ్చాను. ఇరవైలో పదమూడు. తోసి, గోడకి ఆనించి, మొప్పల దగ్గర పట్టుకోవడం. ఫాలోవర్ అది చేస్తుంటే పిన్ని "అబ్బో" అని నవ్వింది, నా ఫ్రెండ్ వీడియో తీసి వీధి మొత్తానికి చూపించాడు.

మిగిలిన ఏడు ఎక్కడ పోయాయంటే, ఎక్కువగా చేప జారి ట్రే మధ్యలో తిరగబడి పడినప్పుడు. పొట్ట పైకి ఉన్న చేప పిన్ని రికార్డింగుల్లో దాదాపు లేదు, ఎందుకంటే తన చేతిలో చేప జారదు. తప్పు జరగకపోతే తప్పు నుంచి ఎలా బయటపడాలో యంత్రం చూడదు. ఇది పాత సమస్యే. 1989లో కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో డీన్ పామర్లో అనే పరిశోధకుడు చిన్న న్యూరల్ నెట్‌వర్క్‌తో ఒక వ్యాన్ నడిపించాడు, ఆ నెట్‌వర్క్ పేరు ఆల్విన్. మనిషి రోడ్డు మధ్యలోనే చక్కగా నడిపి చూపిస్తే, బండి పక్కకి జరిగినప్పుడు మళ్లీ మధ్యలోకి ఎలా రావాలో దానికి తెలియలేదు. అతను కెమెరా బొమ్మల్ని కొంచెం పక్కకి జరిపి, బండి దారి తప్పినట్టు తయారుచేసి, అప్పుడు స్టీరింగ్ ఎటు తిప్పాలో నేర్పాడు.

మాకు బొమ్మలు జరిపితే సరిపోదు, చేపనే తిరగెయ్యాలి. పిన్ని పట్టుకోబోయే సమయానికి నేను పుల్లతో చేపని జరపడం, తను మళ్లీ సర్దుకుని పట్టుకోవడం. అలా ఇరవై ఐదు చేశాం. "బాగా సతాయిస్తున్నావురా" అంటూనే చేసింది. వాటిని కలిపి ట్రైనింగ్ ఇచ్చాక ఇరవైలో పదహారు. ఒకదాని మీద ఒకటి పడినవి ఇంకా సగం కూడా రావడం లేదు. అక్కడ ఏ వేలికి ఎంత బరువు తగులుతోందో తెలియాలి, నా గ్రిప్పర్‌కి స్పర్శ లేదు, వేళ్లు ఎంతవరకు మూసుకున్నాయో మాత్రమే తెలుసు. వేళ్ల కొసకి ఒత్తిడి సెన్సార్లు పెట్టి చూడాలి.

నవంబరు 23, ఆదివారం

కార్తీకం అయిపోయింది, సామాను ఇంటికి తెచ్చుకోవచ్చు. తెచ్చుకోలేదు.

గురువారం రాత్రి పిన్ని అడిగింది, "ఇది వస్తే మాకు పనుంటాదా?" అని. నేను ఈ ప్రశ్న కోసం చాలా రోజుల నుంచి భయపడుతున్నాను. మెత్తగా ఏదో చెప్పి తప్పించుకోవడం నాకు ఇష్టం లేదు. మా చెయ్యి ఒక్క చేపకి పద్నాలుగు సెకన్లు తీసుకుంటోంది, నువ్వు నిమిషానికి నలభై పైన ఏరుతున్నావు, నేను హార్బర్‌లో నిలబడి లెక్కపెట్టాను, కాబట్టి ఈ చెయ్యితో నీకు భయం లేదు, కానీ పెద్ద కంపెనీలు చేసేది ఇంత నెమ్మదిగా ఉండదు, ఎప్పటికి వస్తుందో నాకు చెప్పడం రాదు అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

తర్వాత అంది, "ఏరడం నాకు కష్టం కాదురా. కూచుని ఏరుతాను, నలుగురితో మాటాడుకుంటాను. ఐసేసిన బుట్ట ఎత్తడమే కష్టం. నడుం దానివల్లే పోయింది. అది ఎత్తేది ఏదైనా చెయ్యరాదా?"

నేను మూడు నెలలు ఈ పని మీద కూర్చుని, ఏ పని యంత్రానికి ఇవ్వాలో ఒక్కసారి కూడా ఆమెని అడగలేదు. ఏరడం ఆసక్తిగా ఉంది కాబట్టి ఎంచుకున్నాను. ఇన్నాళ్లూ ఆమె ఇంటి వరండాలోనే ఉన్నాను.

ఇవాళ తెల్లవారుజామున నాలుగున్నరకి లగేజీ తూచే కొక్కెం త్రాసు పట్టుకుని పిన్నితో పాటు హార్బర్‌కి వెళ్లాను. నీళ్లు కారుతున్న మూడు బుట్టలు తూచాను: 31, 34, 38 కిలోలు. ఒక్కోదాన్ని ఇద్దరు ఆడవాళ్లు చెరో పక్కా పట్టుకుని, తడి సిమెంటు మీద, వేలం జరిగే చోటి నుంచి బండి దాకా మోస్తున్నారు. అడుగులు కొలిచాను, అరవై రెండు. మధ్యలో ఒక మెట్టు ఉంది, నాలుగు అంగుళాల ఎత్తు, అక్కడే అందరూ బుట్ట దించి మళ్లీ ఎత్తుతున్నారు. చక్రాల బండి ఎందుకు వాడరని అడిగితే పిన్ని ఆ మెట్టే చూపించింది.

ఆ మెట్టు దగ్గర కూర్చుని ఫొటోలు తీసుకున్నాను, వెడల్పు టేపుతో కొలిచాను. దీనికి న్యూరల్ నెట్‌వర్క్ అవసరమే లేకపోవచ్చు, ఒక ర్యాంపు, బ్రేకున్న చిన్న మోటారు బండి చాలేమో. వచ్చే ఆదివారం ప్లైవుడ్‌తో ర్యాంపు కోసి తీసుకెళ్తాను, పిన్ని వాళ్లు ఖాళీ బుట్టతో ముందు నడిపి చూస్తామన్నారు.